ఆషాఢంలో తొట్టిబండి

మా పెళ్ళి జ్యేష్ఠమాసంలో అయింది. పెళ్ళిబట్టల పసుపు వెలిసిపోకముందే ఆషాఢం వచ్చిపడింది. ఆ నెలంతా కొత్త కోడలు అత్తవారింట్లో ఉండకూడదు, కొత్త అల్లుడు అత్తగారున్న ఇంటి గడప తొక్కకూడదు. మా ఆవిడ అమలాపురంలో పుట్టింటికి వెళ్ళిపోయింది. నేను రామచంద్రపురంలో మా ఇంట్లో కూర్చుని ఉద్యోగం ఉత్తర్వు కోసం రోజూ తపాలా మనిషికి ఎదురు వెళ్తూ ఉండేవాణ్ణి. చివరికి ఉత్తర్వు వచ్చింది. కర్నూలులో చేరమన్నారు.

కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులవి. ఊళ్ళో ఇళ్ళు చాలక గుమాస్తాలు గుడారాల్లో కాపురం పెట్టేవారు. కుటుంబంతో వస్తారా, ఒంటరిగా వస్తారా ముందుగా తెలియజేయమని ఉత్తర్వులోనే అడిగారు. కుటుంబం ఉన్నవాళ్ళకు విడిగా ఒక గుడారం, ఒంటరివాళ్ళకు కొందరికి కలిపి ఒకటి. ఇప్పుడు ఒంటరి అని రాసేస్తే మళ్ళీ విడి గుడారం ఎన్నాళ్ళకు దొరుకుతుందో దేవుడికి తెలియాలని, ముందే అక్కడ చేరిన స్నేహితుడొకడు హెచ్చరించాడు.

మా మావగారి అభిప్రాయం నేను అడక్కముందే తెలిసిపోయింది. "కాలవ గట్టున పుట్టి పెరిగిన పిల్ల గుడారంలో ఎలా ఉంటుంది? అల్లుడుగారు ఇటు బదిలీ చేయించుకుని వచ్చేదాకా మా దగ్గరే ఉంటుంది" అని మా నాన్నగారికి కబురు చేశారు. మా నాన్నగారు సరేనన్నారు. మా అమ్మా సరేనంది. మా వీధివాళ్ళు కూడా సరేనన్నారు. ఎవరూ అడగనిది మా ఆవిడ ఒక్కర్తినే.

ఆవిడకు రావాలని ఉంటే మావగారితో వాదించడానికి నేను సిద్ధమే. రావాలని లేకపోతే ఒంటరి అని రాసి పంపి, నలుగురితో పాటు గుడారంలో పడుకుంటాను. ఏదో ఒకటి ఆవిడ నోట వినాలి. కానీ మా ఇద్దరి మధ్యా అప్పటికి నడిచిన మాటలన్నీ ఒక పోస్టుకార్డు మీద పట్టేవి. ఉత్తరం రాద్దామంటే ఆ ఇంట్లో ఉత్తరం వస్తే వాకిట్లో నిలబడి పైకి చదవడం అలవాటు. "మన అల్లుడుగారి దస్తూరీ ముత్యాలండీ" అని పక్కింటివాళ్ళకు కూడా చూపించేవారట.

నాకు చిన్నప్పటినుంచీ డైరీ రాసే అలవాటు. జరిగినదే కాదు, మర్నాడు చేయవలసిన పనులు కూడా ముందురోజే వరసగా రాసుకుంటాను. ఆ రోజు పేజీ ఇప్పటికీ ఉంది: "క్షవరం. కోటిపల్లి రేవు. అమలాపురం. అడగాలి. గొడుగు మరిచిపోకూడదు." ఏమి అడగాలో రాయలేదు. గొడుగు మరిచిపోయాను.

గౌతమి దాటి అమలాపురం చేరేసరికి సన్నగా వాన పడుతోంది. గడప తొక్కకూడదు కనక, అత్తవారింటికి ఎదురుగా ఉన్న ఇంటి అరుగుమీది గదిలో నాకు బస ఏర్పాటు చేశారు. మర్నాటి సాయంత్రం పడవకు నేను తిరిగి వెళ్ళిపోవాలి. గదిలోంచి చూస్తే వీధి అవతల మావగారి గుమ్మం సూటిగా కనిపిస్తుంది. గుమ్మంలోంచి భోజనం వస్తుంది, పనసపొట్టు కూరతో సహా. కాఫీ వస్తుంది. తాంబూలం వస్తుంది. అప్పుడప్పుడు లోపల ఒక చీరచెంగు కదలడం కనిపిస్తుంది. అది మా ఆవిడదో, పనిమనిషిదో తెలిసేది కాదు. ఒకసారి ఆశగా లేచి నిలబడ్డాను. అది తాడు మీద ఆరేసిన దుప్పటి.

మర్నాడు పొద్దున్నే మామ్మగారు వీధి దాటి వచ్చారు. ఆవిడ మా మావగారి తల్లి. సన్నగా, చిన్నగా, చింతగింజ రంగులో ఉండేవారు. నిషేధాలన్నీ అత్తకూ అల్లుడికే గానీ మామ్మగారికి ఏమీ లేవు.

"ఏటి బాబూ, అలా మా గుమ్మంకేసే చూస్తా కూచున్నావు? గుమ్మానికి దిష్టి తగుల్తుంది" అన్నారు.

"ఊరు చూద్దామనుకుంటున్నానండీ" అన్నాను, ఇంకేమీ తోచక.

"ఊరా? ఒక్కడివేనా?"

మామ్మగారు నా మొహంలోకి కాసేపు చూసి, అరుగు మీద చతికిలబడ్డారు.

"గడప తొక్కకూడదన్నారు గానీ బండెక్కకూడదని ఎవరూ అన్లేదు. ఆ మిలిట్రీవోడి తొట్టిబండి ఉంది చూడు, దాన్ని మాటాడతాను. పిల్లా నేనూ తొట్లో కూచుంటాం. నువ్వు వెనకాల కూచో. అల్లుడుగారు ముచ్చటపడ్డారంటే మావాడు కాదన్లేడు."

తరవాత తెలిసింది, ఆ తొట్టిబండి ఎక్కాలని ఆవిడ చాలాకాలంగా ఉబలాటపడుతున్నారనీ, "ఈ వయసులో ఇదేం సరదా అమ్మా" అని కొడుకు అడ్డుపడుతున్నాడనీ.

ఆ బండి సంగతి కొంచెం చెప్పాలి. యుద్ధంలోంచి తిరిగొచ్చిన ఒక సిపాయి, మిలిటరీవాళ్ళు వదిలించుకున్న మోటారుసైకిలు ఒకటి కొనుక్కుని అమలాపురం తెచ్చాడు. దానికి పక్కన ఒక సైడుకారు తగిలించి ఉండేది. ఊళ్ళో దాన్ని ఎవరూ సైడుకారు అనేవారు కాదు. ఆకారం స్నానాల తొట్టిలా ఉంటుంది కనక తొట్టిబండి అన్నారు. చుట్టాలొచ్చిన ఇళ్ళవాళ్ళు అతన్ని పిలిపించి ఊరు చూపించమనేవారు. అతను కళ్ళకు మిలిటరీ అద్దాలు పెట్టుకుని, వానజల్లు కొట్టకుండా ముక్కూ నోరూ కప్పి తుండుగుడ్డ చుట్టుకుని బయల్దేరేవాడు. లోపల ఏ మొహం ఉందో పోల్చుకోవడం కష్టం.

అతని మర్యాద గొప్పది. ఎవరేమన్నా "ఆయ్" అనేవాడు. మా గోదావరి వాళ్ళందరికీ ఉన్న అలవాటే అది. ఎదటివారి మాట విన్నాం, ఒప్పుకుంటున్నాం, మీరు చెప్పడమూ మేము కాదనడమూనా అన్న అర్థాలన్నీ ఆ ఒక్క ముక్కలో ఉంటాయి. ఇతని విషయంలో చిక్కేమిటంటే ఆ బండి మోతలో అతనికి ఏ మాటా స్పష్టంగా వినిపించేది కాదు. అయినా మాట వినిపించలేదని అనడం అమర్యాద కదా! అందుకని ఎవరి గొంతు చెవిన పడ్డా ముందు ఆయ్ అనేసేవాడు. ఎవరో చుట్టం మధ్యదారిలో "ఆపవయ్యా, కడుపులో తిప్పుతోంది" అని మొత్తుకుంటే, ఆయ్ ఆయ్ అంటూనే అప్పనపల్లి రేవుదాకా తీసుకుపోయాడని చెప్పుకునేవారు.

మావగారు వీధిలోకి వచ్చి బండిని చుట్టూ తిరిగి చూశారు.

"మా అమ్మా, మా అమ్మాయీ, అల్లుడుగారూ. జాగ్రత్త సుమా" అన్నారు.

"ఆయ్. పువ్వుల్లో పెట్టి తెస్తానండీ" అన్నాడు సిపాయి.

మా అత్తగారు తలుపు వెనకనించి "గొడుగు ఇవ్వండి, గొడుగు" అన్నారు. గొడుగు మామ్మగారికి వచ్చింది. మామ్మగారు ముందు తొట్టిలోకి దిగి, తరవాత మా ఆవిడని దింపుకున్నారు. ఒక మనిషికని చేసిన తొట్టి అది. మామ్మగారు మనిషి లెక్కలోకి రారు కనక పట్టింది. నేను సిపాయి వెనక సీటు ఎక్కాను. మా ఆవిడ తల సరిగ్గా నా మోకాలి పక్కకు వచ్చింది. పెళ్ళయ్యాక పగటివేళ అంత దగ్గరగా ఉండడం అదే మొదలు. ఆవిడ తలెత్తలేదు. నాకు కనిపించిందల్లా పాపిడి, చామంతిపూలు, వాటి మీద వానచుక్కలు.

బండి కదిలింది. కదలడం అనకూడదు, ఉరిమింది. వీధిలో కోళ్ళన్నీ గోడలెక్కాయి.

ముందు కోర్టు దగ్గర ఆపాడు సిపాయి. ఇంజను కట్టేసి, తుండుగుడ్డ దించి, చెయ్యెత్తి చూపించాడు.

"ఇది కోర్టండీ. ఇటలీ దేశంలో రోమని ఒక పట్నం ఉందండీ. అక్కడా ఇలాగే స్తంభాలుంటాయండీ. కాకపోతే అక్కడ స్తంభాలే ఉంటాయండీ, పైకప్పు ఉండదండీ. మనదే నయమండీ."

"లోపల ఏం చేస్తారు నాయనా?" అన్నారు మామ్మగారు.

"వాయిదా వేస్తారండీ."

ఇంజను ఆగింది కనక ఇక్కడ మా ఆవిడతో ఏమైనా అందామనుకున్నాను. అప్పటికే కోర్టు చెట్ల కిందనించి మావగారిని ఎరిగినవాళ్ళు చుట్టూ మూగారు. "అల్లుడుగారాండీ? ఎప్పుడొచ్చేరండీ? వానలు బాగా పడుతున్నాయాండీ అటేపు?" అని పలకరింపులు. ఒకాయన కొబ్బరిబొండాలు తెప్పించాడు. వద్దంటే ఒప్పుకోడు. తాగాను. మాట్లాడడానికి ఇది చోటు కాదని తేలిపోయింది.

బండి మళ్ళీ బయల్దేరాక ఒక సంగతి గ్రహించాను. ఆగితే జనం, కదిలితే మోత. జనం ఉన్నచోట అడగలేను. ఇక మిగిలింది మోత. మోతలో సిపాయికి వినపడదు, దారినపోయేవాళ్ళకు వినపడదు. ఆవిడ చెవి నా మోకాలి దగ్గరే ఉంది. అయితే మామ్మగారు కూడా అక్కడే ఉన్నారు కదా. పెద్దవాళ్ళ ఎదుట భార్యతో నేరుగా మాట్లాడడం ఆ రోజుల్లో బొత్తిగా బాగుండేది కాదు. మామ్మగారి ద్వారా కబురు పంపడం పద్ధతి.

"మామ్మగారూ! మీ మనవరాలికి కర్నూలు ఎలా ఉంటుందనిపిస్తోందో అడగండి!" అని వంగి అరిచాను.

"కందులా?" అన్నారు మామ్మగారు. "మా చేలో కందులు పండవు బాబూ! వరే!"

"కందులు కాదండీ, కర్నూలు!"

"ఆయ్!" అన్నాడు సిపాయి ముందునించి.

"కందులు కావాలంటే మెరకకి పోవాలి!" అని మామ్మగారు గొడుగు ఊపారు. గాలికి గొడుగు వెనక్కి విరుచుకుని పూలగంపలా అయింది. దాన్ని సరిచేయడంలో కందుల సంగతి మరిచిపోయారు. మా ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వుతోందో, గొడుగు పుల్ల గుచ్చుకుందో తెలియలేదు.

తరవాత కాలవ లాకుల దగ్గర ఆపాడు. నీళ్ళు ఒకపక్క ఎత్తుగా, ఒకపక్క పల్లంగా ఉన్నాయి. కొబ్బరికాయల పడవ ఒకటి తలుపులు తీయడం కోసం కాచుకుని ఉంది.

"వెనిస్ అని ఒక ఊరుందండీ," అని మొదలుపెట్టాడు సిపాయి. "వీధులన్నీ కాలవలేనండీ. అచ్చం మన అమలాపురమేనండీ. కాకపోతే మనుషులు తెల్లగా ఉంటారండీ. కొబ్బరికాయలు దొరకవండీ."

అప్పుడు మా ఆవిడ మొదటిసారి నోరు విప్పింది. నాతో కాదు, సిపాయితో.

"బాబాయ్‌గారూ, ఈ లాకులు మేం రోజూ చూసేవేనండీ."

"రోజూ గట్టుమీంచి చూసేరమ్మా. తొట్లోంచి చూసేరా?"

"లేదండీ."

"మరదేనమ్మా! తొట్లోంచి చూడ్డం వేరు."

ఆవిడ బుద్ధిగా తొట్లోంచి లాకులు చూసింది. ఆ గొంతు నాకు బాగా నచ్చింది. సన్నగా, నిదానంగా, కొంచెం ఎగతాళి కలిసి ఉంది. ఆ గొంతుతో కర్నూలు మాట అంటే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఉన్నాను. ఈలోగా లాకుల మీది జనం నన్ను పోల్చుకున్నారు. మళ్ళీ బొండాలు. ఈసారి లేత కొబ్బరి కూడా బొండాం చెక్కతో గీకి పెట్టారు. కడుపు డోలులా అయింది.

లాకుల నించి బయల్దేరి ఒక చిన్న వంతెన దాటాం. అక్కడ నేను ఒక ముఖ్యమైన విషయం కనిపెట్టాను. మా కోనసీమ పళ్ళెంలా చదునుగా ఉంటుంది. ఎత్తుపల్లాలంటూ ఉంటే అవి కాలవల మీది వంతెనలే. సిపాయి వంతెన ఎక్కేటప్పుడు బండిని బాగా రెచ్చగొట్టేవాడు. అప్పుడు మోత చెవులు బద్దలయ్యేట్టు ఉండేది. వంతెన దిగేటప్పుడు పెట్రోలు కలిసొస్తుందని ఇంజను కట్టేసేవాడు. అప్పుడు బండి చప్పుడు లేకుండా పడవలా జారుకుంటూ దిగేది.

దీన్నిబట్టి నేను ఒక పథకం వేశాను. ఎక్కుడులో మోత ఉంటుంది కనక ప్రశ్న అప్పుడు గట్టిగా అడగాలి. దిగుడులో నిశ్శబ్దం ఉంటుంది కనక జవాబు అప్పుడు వినాలి. ఆడపిల్ల, మెల్లగా అన్నా వినపడుతుంది. అదీ ఇష్టం లేకపోతే తలూపినా చాలు. మధ్యలో మామ్మగారి సాయం అక్కర్లేదు. మర్యాద మాట తరవాత చూసుకోవచ్చు. ముందు ఎర్రవంతెన వస్తోంది. అది పెద్దది. దాని అవతలే బజారు మొదలవుతుంది. అదే ఆఖరి వంతెన.

ఇంత పకడ్బందీ పథకం నేను తరవాత ఉద్యోగంలో కూడా ఎప్పుడూ వేయలేదు.

ఎర్రవంతెన కనిపించింది. సిపాయి బండిని దౌడు తీయించాడు. ఉరుములు మొదలయ్యాయి. ముందు చక్రం ఎక్కుడు మీదికి వచ్చింది. నేను మామ్మగారి కేసి చూడకుండా, నడుం వంచి, మా ఆవిడ చెవికి ఎంత దగ్గరగా రాగలనో అంత దగ్గరగా వచ్చి, ఊపిరి బిగించుకుని, నా గొంతులో ఉన్న బలమంతా ఉపయోగించి అడిగాను.

సిపాయి ఆ రోజు మంచి ఊపు మీద ఉన్నాడు. బండి వేగం చూసి, ఇక దానంతట అదే ఎక్కేస్తుందనుకున్నాడో ఏమో, వంతెన నడినెత్తికి రాకముందే ఇంజను కట్టేశాడు. నా వాక్యం మొదలైనప్పుడు మోత ఉంది. నా వాక్యం సగంలో మోత లేదు.

"నాతో కర్నూలు వస్తావా, రావా!"

ఆ కేక కాలవ మీంచి వెళ్ళి అవతలి గట్టుకు తగిలి తిరిగి వచ్చింది. బజారంతా ఒక్కసారి తలెత్తి వంతెన కేసి చూసింది. నూనె కొట్టాయన చేతిలో గరిటె అలాగే ఆగింది. అరటిగెల దించుతున్న మనిషి గెలను భుజాన అలాగే ఉంచుకున్నాడు. మా బండి నిశ్శబ్దంగా, ఊరేగింపులా, వాళ్ళందరి మధ్యకీ జారుతూ దిగసాగింది. ఆ నిశ్శబ్దంలో జవాబు వచ్చింది.

"ఆయ్! వస్తానండీ!"

అన్నది సిపాయి. ఎవరి గొంతు చెవిన పడినా ఒప్పుకునే అలవాటు కదా! పైగా ఈసారి ప్రశ్న నిజంగానే వినపడింది. ఎవరిని అడిగారన్న అనుమానం అతనికి రాలేదు. అల్లుడుగారు రమ్మంటే రాననడం ఎలా? అందుకని నిండు మనసుతో, బజారు దద్దరిల్లేట్టు ఒప్పుకున్నాడు.

కానీ బజారుకు కనిపించింది వేరు. నోటిమీద తుండుగుడ్డ కట్టుకుని ముందుకు చూస్తున్న సిపాయి పెదవులు ఎవరికీ కనిపించవు. వెనక సీటు మీద ఒక మొగుడు తొట్టిలోకి వంగి కేకేశాడు. తొట్టి వైపునించి "ఆయ్, వస్తానండీ" అని జవాబు వచ్చింది. అంతే.

"ఓరి నాయనో, ఏం గొంతురా పిల్లది!" అన్నారెవరో.

బండి జారి జారి నూనె కొట్టు ముందు ఆగింది. సిపాయి కాలితో తన్నాడు. ఇంజను అందుకోలేదు. మళ్ళీ తన్నాడు. దగ్గింది గానీ అందుకోలేదు. వెనక్కి తిరిగి తుండుగుడ్డ దించి, నాకు మాత్రం వినపడేట్టు, "కర్నూలు ఎప్పుడు బయల్దేరదామండీ? చక్రం మార్పించాలి మరి" అన్నాడు.

"తరవాత మాట్లాడదాం. ముందు బండి తోద్దాం" అన్నాను.

నేను దిగి బండి వెనక చెయ్యి వేశానో లేదో, బజారు గగ్గోలెత్తింది. "అయ్యయ్యో, అల్లుడుగారు తోస్తున్నారండీ! మనం ఉండగా అల్లుడుగారు తొయ్యడమేటండీ!" అని కొట్లలోంచి మనుషులు దూకారు. నన్ను పక్కకు లాగేశారు. ఒకాయన నాకు కుర్చీ వేశాడు. ఇంకొకాయన చేతిలో బొండాం పెట్టాడు. నడిబజారులో, వానలో, కుర్చీలో కూర్చుని బొండాం పట్టుకుని, నా పెళ్ళాన్నీ మామ్మగారినీ ఊరంతా కలిసి తోసుకుపోతుంటే చూస్తూ ఉండిపోయాను. మామ్మగారు విరిగిన గొడుగు ఊపుతూ "ఎడంపక్కకి! ఎడంపక్కకి!" అని వాళ్ళకు దారి చెబుతున్నారు. మా ఆవిడ తల వంచుకుని, పమిటచెంగు నోట్లో కుక్కుకుని ఉంది. భుజాలు ఎగసిపడుతున్నాయి. ఏడుస్తోందని నిశ్చయించుకున్నాను.

అంతా అయిపోయిందనుకున్నాను. నలుగురి నోళ్ళలో పెట్టాను పిల్లని. ఇక కర్నూలు రావడం కాదు గదా, శ్రావణంలో మా ఇంటికి రావడం కూడా అనుమానమే. ఎక్కడో ఇంజను అందుకుంది. పరిగెత్తి వెళ్ళి ఎక్కాను. సినిమా హాలూ, చూడవలసినవి ఇంకేవో మిగిలే ఉన్నాయని సిపాయి అన్నాడు గానీ, ఇంటికి పోనిమ్మన్నాను. "ఆయ్" అన్నాడు. ఈసారి నిజంగానే ఇంటికి తీసుకొచ్చాడు.

మా కంటే ముందే ఎవరో సైకిలు మీద వెళ్ళి కబురు అందించారు. మావగారు వీధి అరుగు మీద నిలబడి ఉన్నారు. అత్తగారు తలుపు వెనక ఉన్నారని గాజుల చప్పుడు చెబుతోంది. బండి ఆగింది. నేను దిగి, గడపకు దూరంగా, వీధిలోనే నిలబడ్డాను. మామ్మగారూ మా ఆవిడా తొట్టిలోంచి లేచి మెట్లెక్కారు. మావగారు కూతుర్ని గుమ్మం దగ్గరే ఆపారు.

"ఎర్రవంతెన మీద అల్లుడుగారు ఏదో అడిగేరట."

మా ఆవిడ తల వంచుకుని తడిసిన పమిటచెంగు పిండుకుంది.

"నువ్వు ఊరంతా వినేట్టు 'ఆయ్, వస్తానండీ' అన్నావట?"

అనలేదు అని ఒక్క మాట అంటే చాలు. నిజమే కనక తప్పు లేదు. ఆవిడ మర్యాద నిలబడుతుంది, నేను ఒంటరి అని రాసి పంపుతాను, మావగారి మాట నెగ్గుతుంది. సిపాయి తనకు తెలిసిన సంగతి చెప్పడం ధర్మమనుకున్నాడు కాబోలు, ముందుకు వచ్చాడు.

"అదికాదు బాబుగారూ, ఆ మాటండీ, ఆ వచ్చేది..."

మామ్మగారు విరిగిన గొడుగుతో అతని కడుపులో పొడిచారు. "నీ బండికింద నూనె కారుతోంది చూసుకో!"

"ఆయ్" అని అతను బండికింద దూరాడు.

మా ఆవిడ తలెత్తింది. నా కేసి కాదు, వాళ్ళ నాన్నగారి కేసి చూసింది. "అన్నాను నాన్నగారూ" అంది.

తలుపు వెనక గాజులు ఆగిపోయాయి.

మావగారు చాలాసేపు మీసం దువ్వుకున్నారు. ఆయన తెలివితక్కువ మనిషి కాదు. బండికింద దూరిన సిపాయి కాళ్ళ కేసి చూశారు, నా కేసి చూశారు, తల్లి కేసి చూశారు.

"నూనె కొట్టాయన ఇప్పుడే వచ్చి వెళ్ళేడు. మీ అమ్మాయిది మొగవాడి గొంతులా ఉందేటండీ అన్నాడు."

"వానలో తడిసింది కదురా! గొంతు పట్టేసింది" అన్నారు మామ్మగారు వెంటనే. "తొట్లో పక్కనే కూచున్నాను, నా చెవులారా విన్నాను. బొంగురుగానే అంది."

"ఏమ్మా, గొంతు పట్టేసిందా?"

"పట్టేసింది నాన్నగారూ" అంది మా ఆవిడ. కిందటి నిమిషందాకా సన్నగా, హాయిగా ఉన్న గొంతు ఈసారి తుప్పుపట్టిన కీలులా వచ్చింది. లాకుల దగ్గర విన్న ఆ ఎగతాళి మాత్రం అందులో అలాగే ఉంది. బజారులో ఆవిడ ఏడవలేదని అప్పుడు తెలిసింది నాకు.

మావగారు మీసం వదిలేశారు.

"మాట ఊరంతా విన్నాక ఇంకేముంది," అని నా వైపు తిరిగారు. "గుడారం పెద్దదే అడగండి బాబూ. కొలత కలిసేట్టు చాప నేయించి పంపిస్తాం. మా అమ్మ కూడా చూడ్డానికి వస్తానంటుంది, ఆగదు." తరవాత లోపలికి కేకేశారు. "ఏవే, అమ్మాయి గొంతుకి మిరియాల కషాయం పెట్టు. నీళ్ళలా పెట్టకు, బాగా ఘాటుగా పెట్టు."

కషాయం వచ్చేదాకా అందరం అలాగే నిలబడ్డాం, నేను వీధిలో, ఆవిడ గుమ్మంలో. ఇత్తడి గ్లాసు నిండా, పొగలు కక్కుతూ వచ్చింది. మిరియాల ఘాటుకు వీధిలో నాకే దగ్గు వచ్చింది. మావగారు చేతులు కట్టుకుని, ఇప్పుడైనా నిజం చెబుతుందేమోనని చూస్తున్నట్టు నిలబడ్డారు. ఆవిడ ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ముక్కు ఎర్రబడింది. ఎక్కడా ఆగలేదు. గ్లాసు అడుగుదాకా తాగి, మిగిలిన మడ్డి కూడా నోట్లో వంచుకుని, ఖాళీ గ్లాసు అరుగు మీద బోర్లించింది.